లారీ అనుకున్నారు, రైలొచ్చింది: ట్రైన్ హారన్ వెనక అసలు చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఒక శబ్దం గురించి.

మీలో చాలామంది ఈ టైపు రీల్ చూసే ఉంటారు. అమెరికాలో ఎక్కడో ఒక పార్కింగ్ స్థలం. ఒక పెద్ద పికప్ ట్రక్కు నెమ్మదిగా వస్తుంది. పక్కన ఎవరో ఫోన్ చూసుకుంటూ నడుస్తుంటారు. ట్రక్కులో ఉన్నవాడు చిన్న బటన్ నొక్కుతాడు. అంతే, వీపు వెనకే రైలు వచ్చి పడ్డట్టు శబ్దం! ఆ మనిషి చేతిలో కాఫీ ఒలికిపోతుంది, ట్రక్కులో వాళ్లు పగలబడి నవ్వుతారు. లక్షల్లో వ్యూస్.

ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? రైలు హారన్‌ని ట్రక్కుకి ఎలా బిగిస్తారు, ఎలా టెస్ట్ చేస్తారు? ఇవన్నీ చెప్తాను. కానీ దీని వెనక ఒక వింత ఉంది. మనం ఇప్పుడు వింటున్న ఈ ట్రైన్ హారన్, లారీ హారన్‌లా వినపడకూడదు అనే ఒక్క కారణంతో పుట్టింది. లారీ అనుకుని పట్టాలు దాటబోయి జనం చనిపోయారు కాబట్టి పుట్టింది. ఇప్పుడు అదే హారన్‌ని తీసుకెళ్లి ట్రక్కుకే పెడుతున్నారు.

కథ మొదటి నుంచి చూద్దాం.

1830లలో ఇంగ్లండ్‌లో రైళ్లు కొత్త. గుర్రబ్బండి కంటే వేగంగా వచ్చే బండిని జనం అప్పటిదాకా చూడలేదు. 1830 సెప్టెంబర్ 15న లివర్‌పూల్ - మాంచెస్టర్ రైల్వే ప్రారంభం రోజునే విలియం హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు ఇంజిన్ కింద పడి చనిపోయాడు. రైలు వస్తోందని చెప్పడానికి అప్పట్లో ఉన్నవి జెండాలు, గంటలు, నోటితో ఊదే బూరలు. ఇంజిన్ చప్పుడులో నోటి బూర ఎంత దూరం వినపడుతుంది చెప్పండి?

అదే రోజుల్లో వేల్స్‌లోని డౌలైస్ ఇనుము కర్మాగారంలో ఏడ్రియన్ స్టీవెన్స్ అనే ఇంజనీరు ఆవిరితో మోగే ఈల తయారుచేశాడు. అది రైలు కోసం చేసింది కాదు. బాయిలర్‌లో నీళ్లు తగ్గిపోతే పేలిపోయే ప్రమాదం ఉంటుంది కదా, ఆ సంగతి పనివాళ్లకి ముందే తెలియడానికి. మన ఇంట్లో కుక్కర్ విజిల్ గుర్తుకొస్తోందా? ఇంచుమించు అలాంటి ఆలోచనే.

రైలుకి ఈల ఎలా వచ్చిందనేదానికి ఒక కథ బాగా చెప్తారు. 1833లో లెస్టర్ - స్వానింగ్టన్ లైన్లో ఒక రైలు గేటు దగ్గర గుర్రబ్బండిని గుద్దేసిందట. బండి నిండా వెన్న, గుడ్లు. డ్రైవర్ నోటితో బూర ఊదినా బండివాడికి వినపడలేదట. దాంతో ఆవిరితో మోగే బూర చేయించారట. ఈ కథలో నిజమెంత అని చరిత్రకారులకు అనుమానాలున్నాయి. కానీ కొన్నేళ్లలోనే అటు ఇంగ్లండ్‌లో, ఇటు అమెరికాలో ఇంజిన్లకు ఆవిరి కూత వచ్చేసింది, అది మాత్రం ఖాయం.

ఇక అమెరికాకి వెళ్దాం. అక్కడ రైలు పట్టాలు ఊళ్ల మధ్య నుంచి, పొలాల మధ్య నుంచి, కంచె కూడా లేకుండా వేలమైళ్లు పోతాయి. రోడ్డు, పట్టాలు ఒకే ఎత్తులో కలిసే లెవెల్ క్రాసింగులు లెక్కలేనన్ని. ఇప్పటికీ అక్కడ 2 లక్షలకు పైగా ఉన్నాయి. అందుకే అమెరికా రైలుకి కూత చాలా ముఖ్యమైపోయింది.

ఆ కూతకి ఒక భాష కూడా తయారైంది. క్రాసింగ్ వస్తుంటే రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత, మళ్లీ ఒక పొడుగు కూత. పాత రూల్ బుక్కుల్లో రెండు పొడుగు, రెండు పొట్టి ఉండేది. తర్వాత చివరి పొట్టి కూతని పొడుగు చేశారు. ఇంజిన్ క్రాసింగ్ మీదకి వచ్చేదాకా ఆ ఆఖరి కూత సాగాలి. అంటే శబ్దం ఆగలేదంటే బండి ఇంకా వస్తోందని అర్థం.

ఆవిరి కూతల్లో రకాలుండేవి. ఒకే స్వరం పలికేవి కొన్ని. మూడు, ఐదు, ఆరు స్వరాలు కలిపి పలికేవి కొన్ని. డ్రైవర్లు తాడు లాగే తీరుని బట్టి కూతలో గమకాలు కూడా పలికించేవాళ్లు. కేసీ జోన్స్ అనే డ్రైవర్‌కి సొంతంగా ఆరు గొట్టాల కూత ఉండేది. అది వినగానే దారిపొడుగునా జనం "కేసీ బండి వస్తోంది" అని గుర్తుపట్టేవాళ్లు. 1900 ఏప్రిల్ 30న మిసిసిపీ రాష్ట్రంలో వాన్ అనే ఊరి దగ్గర ఒక గూడ్స్ బండి తోక భాగం అతని పట్టాల మీద ఉండిపోయింది. తోటి పనివాణ్ణి దూకేయమని చెప్పి, తను మాత్రం బ్రేకు మీద చెయ్యి తీయకుండా ఉండిపోయాడు. ఆ ప్రమాదంలో చనిపోయింది అతనొక్కడే. అమెరికాలో అతని మీద పాటలే కట్టారు.

అంటే దాదాపు వందేళ్ల పాటు అక్కడి జనం చెవుల్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. ఈ కూత వినపడితే రైలు. రైలొస్తే ఆగాలి. అంతే, ఇంక ఆలోచన అక్కర్లేదు.

ఇప్పుడొస్తుంది అసలు మలుపు.

1930ల నుంచి డీజిల్ ఇంజిన్లు రావడం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వరదలా వచ్చేశాయి. 1950లు ముగిసేసరికి అమెరికాలో ఆవిరి ఇంజిన్ల కాలం దాదాపు అయిపోయింది. డీజిల్ ఇంజిన్లో ఆవిరి ఉండదు. ఆవిరి లేకపోతే కూత లేదు. కానీ ప్రతి ఇంజిన్లోనూ బ్రేకుల కోసం కంప్రెసర్ గాలి ఉంటుంది. ఆ గాలితో మోగే హారన్ పెట్టారు. పని సులువుగా అయిపోయింది అనుకున్నారు.

కానీ ఆ మొదటి హారన్లు చాలావరకు ఒకే స్వరంతో "భోంయ్" అని మోగేవి. అచ్చం అదే మోత అప్పటికే రోడ్ల మీద ఉంది. ఎక్కడ? పెద్ద లారీల్లో! ఇంకేముంది, క్రాసింగ్ దగ్గర కారులో ఉన్నవాడికి హారన్ వినపడుతుంది. "వెనక ఏదో లారీ వస్తున్నట్టుంది" అనుకుని అద్దంలో చూసుకుంటాడు, లేదా దారిద్దామని ముందుకు పోతాడు. ముందుకి అంటే పట్టాల మీదకి.

హారన్ మోగింది. చెవికి వినపడింది కూడా. కానీ దాని అర్థం మారిపోయింది. శబ్దం సరిపడా గట్టిగా ఉంటే చాలదు, అది ఏం చెప్తోందో విన్నవాడికి క్షణంలో తెలియాలి. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

ఈ సమస్య పట్టుకున్నవాడు కెనడాకి చెందిన రాబర్ట్ స్వాన్సన్. 1905లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, పెరిగింది కెనడా పడమటి తీరంలో, బ్రిటిష్ కొలంబియాలో. ఆవిరి యంత్రాలంటే ప్రాణం. అడవుల్లో చెట్లు నరికే కూలీల మీద పద్యాలు రాసి పుస్తకాలు కూడా వేశాడు. ఆ రాష్ట్ర ప్రభుత్వ రైల్వే విభాగంలో ఇంజనీరుగా పనిచేసేవాడు. డీజిల్ బండి హారన్‌ని లారీ హారన్ అనుకునే ఇబ్బంది ఆయనకి బాగా తెలుసు.

ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంది. జనానికి తెలిసింది పాత ఆవిరి కూత. మరి గాలి హారన్‌తోనే ఆ పాత కూత పలికిస్తే? ఒక బూర బదులు ఐదారు బూరలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో స్వరానికి శ్రుతి చేసి, అన్నీ ఒకేసారి మోగేలా చేశాడు. 1940ల చివరికి ఆ హారన్ తయారైంది. ఆయన సంస్థ పేరు ఎయిర్‌చైమ్. అమెరికాలో నేథన్ అనే కంపెనీ ఆ డిజైన్లతో హారన్లు తయారుచేసింది. తర్వాత 1970లలో అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ కోసం కే5ఎల్ఏ అనే మోడల్ వచ్చింది. మీరు రీల్స్‌లో, హాలీవుడ్ సినిమాల్లో వినే అమెరికన్ రైలు శబ్దం చాలాసార్లు ఇదే.

సంగీతం తెలిసినవాళ్ల కోసం చెప్తున్నా. కే5ఎల్ఏలో ఐదు బూరలు. డి షార్ప్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, బి, ఆపైన మళ్లీ డి షార్ప్. అంటే సుమారు 311 హెర్ట్జ్ నుంచి 622 హెర్ట్జ్ దాకా. కీబోర్డ్ ఉంటే ఈ ఐదూ ఒకేసారి నొక్కి చూడండి, రైలు గుర్తుకొస్తుంది. ఇదే స్వాన్సన్ 1967లో వాంకూవర్‌లో ఒక భవనం మీద పెద్ద హారన్లు పెట్టాడు. అవి కెనడా జాతీయ గీతంలోని మొదటి నాలుగు స్వరాలు పలుకుతాయి. శబ్దం అంటే అంత ఇష్టం ఉన్న మనిషి.

సరే, ఇప్పుడు పికప్ ట్రక్కు దగ్గరికి వద్దాం. దీన్ని ఎలా బిగిస్తారు?

ముందు హారన్ ఎలా పనిచేస్తుందో చూడండి. ప్రతి బూర వెనక ఒక చిన్న గది, అందులో పల్చటి లోహపు రేకు ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ రేకు వెనక్కి వంగుతుంది, గాలి బయటికి పోతుంది, రేకు మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఇలా సెకనుకి వందలసార్లు కొట్టుకుంటుంది. బూర ఎంత పొడుగుంటే స్వరం అంత కిందికి. మన సన్నాయి చిన్నది, సన్నగా పలుకుతుంది. కొమ్ము పెద్దది, బొంగురుగా పలుకుతుంది. అదే సూత్రం.

రైలింజిన్లో ఈ గాలి సుమారు 130, 140 పీఎస్ఐ ఒత్తిడితో ఉంటుంది. కారు టైరులో 30, 35 ఉంటుంది కదా, దానికి నాలుగింతలు. ఇంజిన్ ట్యాంకుల్లో వందల లీటర్ల గాలి ఉంటుంది. పికప్‌లో అంత చోటు లేదు. అందుకే కిట్‌లో చిన్న ట్యాంకు ఇస్తారు, 2 నుంచి 5 గ్యాలన్లు, అంటే సుమారు ఏడెనిమిది లీటర్ల నుంచి 19 లీటర్ల దాకా. చాలామంది వెనక తొట్టి కింద స్టెప్నీ టైరు తీసేసి ఆ జాగాలో ట్యాంకు, హారన్లు బిగిస్తారు. బరువు ఎక్కువ కాబట్టి తొట్టి రేకుకి కాకుండా ఛాసిస్‌కే బిగించాలి. వాన నీళ్లు నిలవకుండా బూరల మూతి కొంచెం కిందికి వాలి ఉండాలి. సైలెన్సర్ వేడికి దూరంగా ఉండాలి.

ట్యాంకు నింపడానికి 12 వోల్టుల కంప్రెసర్ ఉంటుంది. అది 20, 30 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కాబట్టి మామూలు హారన్ వైరుకి కలిపితే కాలిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, మధ్యలో రిలే. ట్యాంకు నిండగానే కంప్రెసర్ ఆగడానికి, తగ్గగానే మొదలవడానికి ప్రెషర్ స్విచ్. ఒత్తిడి మరీ పెరిగితే గాలి వదిలేయడానికి సేఫ్టీ వాల్వు. ట్యాంకు అడుగున చేరే నీళ్లు తీసేయడానికి ఒక చిన్న కుళాయి. చివరిగా, బటన్ నొక్కగానే హారన్‌కి గాలి వదిలే సోలెనాయిడ్ వాల్వు.

టెస్టింగ్ అంటే బటన్ నొక్కేయడమే అనుకుంటారు. అది ఆఖరి మెట్టు. ముందు ట్యాంకు నింపి, ప్రతి జాయింటు మీదా సబ్బు నురగ రాస్తారు. బుడగ వచ్చిందంటే అక్కడ లీకు. తర్వాత ప్రెషర్ గేజి చూసి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నకి ముల్లు బాగా పడిపోతే ఇంకా ఎక్కడో లీకు ఉన్నట్టే. ప్రెషర్ స్విచ్ సరైన చోట ఆగుతోందా, సేఫ్టీ వాల్వు పనిచేస్తోందా, ఇవి చూడాలి. ఆ తర్వాతే, ఊరికి దూరంగా ఖాళీ స్థలంలో, చెవులకి రక్షణ పెట్టుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని మోగించాలి.

ఎందుకింత జాగ్రత్త అంటారా? ఒక చిన్న లెక్క వేద్దాం.

అమెరికా ఫెడరల్ రూల్ ప్రకారం రైలు హారన్ 100 అడుగుల ముందు 96 డెసిబెల్స్‌కి తగ్గకూడదు, 110కి మించకూడదు. 100 అడుగులు, గుర్తుపెట్టుకోండి. ఖాళీ స్థలంలో దూరం సగమైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే 110 ఉన్న హారన్ 50 అడుగుల దగ్గర 116, 25 అడుగుల దగ్గర 122, పన్నెండున్నర అడుగుల దగ్గర 128. పార్కింగ్‌లో నడిచే మనిషికీ ట్రక్కుకీ మధ్య ఉండేది ఆ పన్నెండు అడుగులే.

అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ ఒక లెక్క ఇచ్చింది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగమైపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలు. ఇదే లెక్క 128 దాకా తీసుకెళ్తే వచ్చేది సెకనున్నర కూడా లేదు! చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలుంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. ఆ రీల్ 20 సెకన్లలో అయిపోతుంది, చెవిలో "కుయ్" మోత మాత్రం జీవితాంతం ఉండిపోవచ్చు. రైలుకి అంత గట్టి శబ్దం ఎందుకంటే, పావు మైలు దూరంలో అద్దాలు ఎక్కించుకున్న కారులో ఉన్నవాడికి వినపడాలి. పక్కన నడిచేవాడి కోసం చేసింది కాదది.

"అసలు రైలు హారన్ అంత అవసరమా, నిద్ర పాడవుతుంది కదా" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల బాధా నిజమే. పట్టాల పక్కన ఇల్లున్న మనవాళ్లని అడగండి, తెలుస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 1984లో ఒక చట్టం చేసింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, గేట్లు, లైట్లు ఉన్న క్రాసింగుల దగ్గర హారన్ ఆపించే అధికారం స్థానిక ప్రభుత్వాలకి ఇచ్చింది. ఫ్లోరిడా ఈస్ట్ కోస్ట్ రైల్వే లైన్లో చాలాచోట్ల రాత్రి హారన్ ఆగిపోయింది.

ఏమైంది? నిషేధం ఉన్న క్రాసింగుల దగ్గర రాత్రి ప్రమాదాలు 195 శాతం పెరిగాయి. అంటే దాదాపు మూడింతలు. గేట్లున్నాయి, లైట్లున్నాయి, హారన్ ఒక్కటే లేదు. 1991లో ఫెడరల్ రైల్రోడ్ అడ్మినిస్ట్రేషన్ అత్యవసర ఉత్తర్వు ఇచ్చి హారన్ మళ్లీ మోగించమంది. ప్రమాదాలు దాదాపు పాత స్థాయికి దిగొచ్చాయి. 1994లో అమెరికా కాంగ్రెస్ దీని మీద చట్టం చేసింది. 2005 నుంచి దేశమంతటా ఒకటే రూల్: క్రాసింగ్‌కి 15 నుంచి 20 సెకన్ల ముందు హారన్ మొదలుపెట్టాలి. అదనపు రక్షణ ఏర్పాట్లు చేసుకున్న ఊళ్లకి మాత్రం నిశ్శబ్ద మండలాలకి అనుమతి ఉంది.

అంటే ఈ హారన్ ఊరికే మోత కాదు, ప్రాణాలు కాపాడుతుందని లెక్కలతో సహా తేలింది. అది కూడా జనం దాన్ని రైలు అని నమ్మినంత కాలమే.

మరి ట్రక్కుకి పెట్టుకోవడం చట్టబద్ధమేనా? అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా, టెక్సాస్ చట్టాలు రెండూ ఒకేలా చెప్తాయి: హారన్ 200 అడుగుల దూరం వినపడాలి, కానీ అతిగా గట్టిగానో కర్ణకఠోరంగానో ఉండకూడదు. పొలంలోనో, వాహనాల ప్రదర్శనలోనో మోగించడం వేరు, రోడ్డు మీద జనాన్ని బెదిరించడం వేరు. అక్కడ ఉన్న మన తెలుగు కుర్రాళ్లు కిట్ ఆర్డర్ పెట్టే ముందు తమ రాష్ట్రం రూల్ ఒకసారి చూసుకుంటే మంచిది.

మన దేశంలో ఇంకా స్పష్టంగా ఉంది. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 119వ నిబంధన ప్రకారం రకరకాల స్వరాలతో మోగే హారన్లు, చెవులు చిల్లులు పడేలా భయపెట్టే శబ్దం చేసే పరికరాలు మామూలు బండ్లకి పెట్టకూడదు. అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు లాంటి వాహనాలకే మినహాయింపు.

"మనకేంటిలే, అది అమెరికా గొడవ" అనుకోకండి. రైలెక్కినప్పుడు పట్టాల పక్కన పసుపు బోర్డు మీద డబ్ల్యూ, ఎల్ అక్షరాలు గమనించారా? ముందు లెవెల్ క్రాసింగ్ ఉంది, కూత వెయ్యి అని లోకో పైలట్‌కి చెప్పే బోర్డు అది. 2014 జులై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో స్కూలు బస్సుని రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత దేశమంతటా బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లన్నీ తీసేసే పని వేగం అందుకుంది. 2019 జనవరి 31కి పూర్తయింది. పట్టాలూ రోడ్డూ కలిసే ఆ కొన్ని అడుగుల జాగా ఎంత ప్రమాదమో మన ఊళ్లకీ తెలుసు.

"నాన్నా పులి" కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పిల్లాడు సరదాగా అరిచాడు, రెండుసార్లు జనం పరిగెత్తారు, మూడోసారి ఎవరూ రాలేదు. 108 బండి "కుయ్ కుయ్" మంటే మనం పక్కకి జరుగుతాం. అదే సైరన్ ప్రతి కారుకీ ఉంటే ఎవరు జరుగుతారు? రైలు హారన్ కూడా అంతే. దానికి విలువ తెచ్చింది డెసిబెల్స్ కాదు, వందేళ్ల పాటు జనం పెంచుకున్న నమ్మకం. 1940లలో ఆ నమ్మకం పోతే మళ్లీ నిలబెట్టడానికి ఒక మనిషి ఐదారు బూరలు కలిపి కట్టాల్సొచ్చింది. అమెరికాలో ఇప్పటికీ ఏటా 2 వేలకు పైగా క్రాసింగ్ ప్రమాదాలు జరుగుతున్నాయి. రేపు ఒక క్రాసింగ్ దగ్గర హారన్ వినపడినప్పుడు, "ఎవడో ట్రక్కువాడి పనిలే" అని ఒక్కరు అనుకున్నా కథ మళ్లీ మొదటికే వస్తుంది.

ఆ యంత్రం నచ్చితే నచ్చనివ్వండి. నిజంగానే అందమైన యంత్రం అది. దాన్ని విప్పి చూడండి, శ్రుతి చేయండి, ఖాళీ మైదానంలో మోగించండి. రోడ్డు మీద మాత్రం ఆ గొంతు రైలుకే వదిలేద్దాం.

మీ ఊరి గేటు దగ్గర రైలు కూత ఎలా ఉంటుందో కామెంట్లలో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో, ఇంకో కథతో కలుద్దాం. ఉంటానండీ.